మూడంగుళాల చోటు

ఫిబ్రవరి 4

మామయ్యా,

నా ఉత్తరం చూసి ఏదో కొంప మునిగిందనుకోకు. నీకు ఫోన్ చేస్తే కుట్టు మెషిన్ల మోతలో సగం మాటలు వినపడవు, మిగతా సగం నువ్వు వినిపించుకోవు. అందుకే రాస్తున్నాను.

అమ్మ కారు సంగతి. అమ్మ పోయిన ఈ ఆరేళ్ళూ నెలకోసారి నేనే దాన్ని షెడ్డులోంచి తీసి, వీధి చివరిదాకా తిప్పి, తుడిచి మళ్ళీ లోపల పెడుతున్నాను. నాన్న పక్క సీట్లో కూర్చుంటాడు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి సొంత ఇంట్లో ఉన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఒక్కసారి కూడా నడపలేదు. అమ్మ తాళాలిస్తేగా! "పగలంతా ఊరిని నువ్వు తిప్పావు, సాయంత్రం నిన్ను నేను తిప్పుతాను, కూర్చో" అనేది.

ఇప్పుడు ఉన్నట్టుండి తను నడుపుతానంటున్నాడు. ఒక్కసారి చాలట. మొన్న ఆదివారం డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. మోకాళ్ళు రెండూ స్టీరింగుకి అటొకటి ఇటొకటి వచ్చాయి. కుడి పాదం బ్రేకు మీదికి తేవాలంటే చేత్తో కాలు ఎత్తి పెట్టుకోవాల్సి వచ్చింది. నేల మీద పాకినట్టుండే ఆ కారులో నాన్న పొడుగు పట్టేదెలా? సీటు కూడా ఎముకలకి గుచ్చుకుంటోందన్నాడు.

ఆ సీటు కుట్టిందీ బిగించిందీ నువ్వే. వెనక్కి జరపొచ్చా? ఎంత జరుగుతుంది? ఈ నెలాఖరులోపు అయితే మంచిది. ఎందుకింత తొందరని మాత్రం అడగకు. మీ ఇద్దరికీ మాటల్లేవని తెలుసు. నేను అడుగుతున్నాననుకుని చెప్పు.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 9

కోడలుపిల్లా,

కళ్ళజోళ్ళ షాపులో పనికి చేరాక నీ అక్షరాలు కూడా అద్దాల్లో చూసి రాసినట్టు తయారయ్యాయి. నా అక్షరాలతో నువ్వే తంటాలు పడు.

మీ నాన్నకి నిచ్చెన అని నేను పేరు పెట్టింది ఊరికే కాదు. ఆ కాళ్ళు బస్సు కోసం పుట్టాయి. వాటిని కారులో ఇరికించాలనుకోవడమే పొరపాటు.

సీటు వెనక్కి జరగదు. దాని వెనకే గోడలాంటి రేకు, ఆ వెనక పెట్రోలు ట్యాంకు. పట్టాలు ఎంత జరగాలో అంతా జరిగే ఉన్నాయి. నలభై ఏళ్ళుగా కారు సీట్లే కుడుతున్నవాడి మాట ఇది. కావాలంటే స్టీరింగు మార్చుకోమను. చిన్న చక్రం దొరుకుతుంది, మోకాలికి అంగుళం ఖాళీ వస్తుంది. బూట్లు మానేసి పలచటి కాన్వాసు జోళ్ళు వేసుకోమను.

మనసులో మాట కూడా రాస్తాను. ఆ సీటు మా అక్క కోసం కుట్టాను. పదకొండేళ్ళ కిందట ఎనిమిది రోజులు వేరే పని ముట్టుకోలేదు. పొట్టిదని, పెడల్స్ అందవని, నడుం ఆనడానికి గట్టి దిండు పెట్టి మరీ కుట్టాను. ఆ దిండు నా సొంత తెలివి. కూర్చుని, "పూలపాన్పులా ఉందిరా తమ్ముడూ" అంది. అలాంటి సీటు మీద, అక్క పోయిన వారానికి, నేను చెయ్యి వేసి నిలబడితే మీ నాన్న ఏమన్నాడు? నలుగురూ చూస్తుండగా "నీ సీటు నువ్వు పీక్కుపో" అన్నాడు. సీటు పీకలేదు నేను. మీ గడప తొక్కడం మానేశాను.

ఆరోగ్యం చూసుకో. షాపులో నిలబడే ఉద్యోగం కదా, కాళ్ళు జాగ్రత్త.

మామయ్య


ఫిబ్రవరి 17

మామయ్యా,

నువ్వు చెప్పినవన్నీ చేశాం. మా వీధి మెకానిక్ ఎక్కడో వెతికి చిన్న స్టీరింగు తెచ్చి బిగించాడు. మోకాలికి అంగుళం వచ్చిన మాట నిజమే. కానీ చక్రం చిన్నదయ్యేసరికి తిప్పడం బరువైంది. నాన్న సగం తిప్పి వదిలేశాడు, చేతులు లాగుతున్నాయన్నాడు. కాన్వాసు జోళ్ళు మాత్రం నచ్చాయి, ఇంట్లో కూడా అవే వేసుకు తిరుగుతున్నాడు.

ఇంకాస్త కిందికి కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగు కిందికి పోతాయేమోనని సీటులో పై స్పాంజి తీసి చూశాం. మోకాళ్ళు పట్టాయి. కానీ రెండు నిమిషాలకే లేపమన్నాడు. స్ప్రింగులు నేరుగా ఎముకకి తగులుతున్నాయట. లేచాక చాలాసేపు షెడ్డు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"మీ మామయ్యకి నా కాళ్ళ మీద కోపం, స్టీరింగు మీద తీర్చుకుంటున్నాడు" అని నవ్వాడు. నిన్ను తలుచుకుని నవ్వడం ఎన్నాళ్ళకో చూశాను.

నిజంగా సీటు ఒక్క అంగుళం కూడా జరగదా? మళ్ళీ ఆలోచించు. నాకోసం.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 22

కోడలుపిల్లా,

స్పాంజి తీశారా? ఎవర్ని అడిగి తీశారు? వెంటనే యథాప్రకారం పెట్టించు.

ముప్పై ఏళ్ళు బస్సు తిప్పిన చేతులు బొమ్మ కారు స్టీరింగు తిప్పలేకపోతున్నాయంటే నేను నమ్మాలా? నువ్వు అమాయకురాలివి. నాకు మాత్రం అర్థమవుతూనే ఉంది. ఆ కారులో అక్క గుర్తు ఒక్కటే మిగిలింది. ముందు స్టీరింగు పోయింది, తరవాత స్పాంజి, చివరికి సీటే పోతుంది. అక్క కూర్చున్న చోట తను కూర్చోవాలి, అదీ ఆయన కోరిక. ఆరేళ్ళు ఆగాడు, ఇంక ఆగలేకపోతున్నాడు.

సరే. నువ్వు అడిగావు కాబట్టి ఆలోచిస్తాను. కొలతలు పంపు. కూర్చునే చోటి నుంచి నడినెత్తి దాకా ఒకటి, తుంటి వెడల్పు ఒకటి, తుంటి నుంచి మోకాలు, మోకాలి నుంచి మడమ. టేపు వదులుగా పట్టుకోకు. తొందరేం లేదు, వీలు చూసుకుని పంపు. నాకూ ఇక్కడ చేతినిండా పని ఉంది.

మామయ్య


మార్చి 1

మామయ్యా,

నడినెత్తి దాకా ముప్పై తొమ్మిదిన్నర. తుంటి వెడల్పు పన్నెండు. తుంటి నుంచి మోకాలు ఇరవై అయిదు. మోకాలి నుంచి మడమ ఇరవై రెండు. అన్నీ అంగుళాల్లో.

అమ్మ గుర్తు చెరిపేసే మనిషి కాదు నాన్న. అమ్మ చెప్పులు ఇప్పటికీ తలుపు పక్కనే ఉన్నాయి, ఊడ్చేటప్పుడు నన్ను జరపనివ్వడు. నీకు కోపం ఉంటే ఉండనీ, మామయ్యా, ఇలాంటి మాటలు మాత్రం రాయకు. నీ ఉత్తరాలు ఆయనకి నేనే చదివి వినిపిస్తున్నాను. ఆ పేరా దాటేసి చదివాను. దాటేశానని ఆయన కనిపెట్టేశాడు.

తొందరేం లేదన్నావు. తొందర ఉంది.

నీ మేనకోడలు


మార్చి 5

కోడలుపిల్లా,

రోజంతా ముక్కుకీ చెవికీ మధ్య దూరాలు కొలిచేదానివి, ఒక మనిషిని కొలవలేకపోయావా? నువ్వు పంపిన కొలతలకి మనిషి ఉండడు. ఎత్తు చూస్తే జిరాఫీ, వెడల్పు చూస్తే బడికి పోయే పిల్ల. ఈ లెక్కన సీటు కుడితే అందులో గొడుగు కూర్చోవాలి.

మళ్ళీ కొలువు. బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి, శ్రద్ధగా.

మామయ్య


మార్చి 9

మామయ్యా,

మళ్ళీ కొలిచాను. ముప్పై తొమ్మిదిన్నర, పన్నెండు, ఇరవై అయిదు, ఇరవై రెండు. నా కొలతలు తప్పని షాపులో ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు. నీకు కుట్టడం ఇష్టం లేకపోతే లేదని రాసెయ్యి. వేరే దారి చూసుకుంటాను.


మార్చి 12

అమ్మా,

కోపంలో సంతకం కూడా పెట్టలేదు నువ్వు. నీ కోపం న్యాయమే.

నీ ఉత్తరం రాగానే పాత కొలతల పుస్తకం తీశాను. పదకొండేళ్ళ కిందట అక్క సీటుతో పాటు పక్క సీటు కూడా కుట్టాను కదా, బావ కొలతలు అందులో ఉన్నాయి. కాళ్ళ కొలతలు నువ్వు రాసినవే, పావంగుళం తేడా లేదు. అంటే నీ టేపు తప్పు కాదు. ఎత్తు అప్పుడు ముప్పై ఎనిమిది, వెడల్పు పదహారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి అంగుళంన్నర పెరగడు. కూర్చున్నవాడి నడుం తన బరువుకి కుంగుతుంది, తుంటి పరుచుకుంటుంది. పడుకున్నవాడు సాగుతాడు, తుంటి పరుచుకోదు. నువ్వు బావని పడుకోబెట్టి కొలిచావు. రెండుసార్లూ.

అయినా వెడల్పులో నాలుగంగుళాలు ఎక్కడికి పోయాయి? పడుకున్నంత మాత్రాన అంత పోదు. నిన్నటి నుంచి ఈ లెక్క తప్ప నాకు ఇంకేం తోచడం లేదు. మిషను ముందు కూర్చుని లేస్తున్నాను.

బావకి ఏమైంది? దాచకు.

సీటు విప్పించి పార్సిల్ లారీలో వేయించు. ఎముకకి తగలకుండా మెత్త పెట్టి కుడతాను. నేనే తెచ్చి బిగిస్తాను.

మామయ్య


మార్చి 16

మామయ్యా,

చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు నీ అంతట నువ్వే కనిపెట్టావు కాబట్టి ఒట్టు తప్పినట్టు కాదనుకుంటాను. కడుపులో గడ్డ. డిసెంబరులో తెలిసింది. కోసినా లాభం లేదన్నారు. జనవరిలో డాక్టరు ఇంకో మూడు నెలలన్నాడు. ఇంటికి వచ్చిన రోజే నాన్న కారు తాళాలడిగాడు. "కాళ్ళలో సత్తువ ఉండగానే ఒక్కసారి నడపనీ, ఇన్నాళ్ళూ పక్క సీట్లోనే కూర్చున్నాను, మీ అమ్మ కూర్చున్న చోటి నుంచి రోడ్డు ఎలా కనపడుతుందో చూస్తాను" అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. "జాలిపడి కుడితే నాకొద్దు, మనసైతే కుట్టమను" అన్నాడు. మీ ఇద్దరూ ఇద్దరే.

నిన్న పొద్దున సీటు విప్పించి లారీలో వేయించాను. సీటు తీశాక డ్రైవరు వైపు అంతా ఖాళీ. నాన్న చూస్తానంటే మెకానిక్, నేనూ చెరో పక్కా పట్టి తీసుకెళ్ళాం. ఆ ఖాళీ చూసి, "దుప్పట్లు పరవండి" అన్నాడు. మంచం మీది దుప్పట్లూ దిళ్ళూ అన్నీ తెచ్చి నేల మీద పరిచి, వెనక రేకుకి ఆనించి సగం పడుకోబెట్టాం. కాళ్ళు బారుగా చాపాడు. పాదాలు పెడల్స్ మీద సరిగ్గా ఆనాయి. నెలన్నర నుంచి మనం తల పగలగొట్టుకున్నది సీటు తీసేస్తే వచ్చేసింది. నాన్నకి నవ్వాగలేదు.

అంత కింద కూర్చుంటే ఆయనకి ఆకాశం తప్ప ఏం కనపడదు. పక్క సీట్లో నేను కూర్చుని గేరు వేశాను, స్టీరింగు మీద ఒక చెయ్యి వేశాను. "కండక్టరువి నువ్వు, రైట్ అంటేనే కదులుతాను" అన్నాడు. రైట్ రైట్ అన్నాను. క్లచ్ మీద రెండు పాదాలూ వేసి మెల్లగా వదిలాడు. షెడ్డు నుంచి గేటు దాకా వచ్చాం. పదిహేను అడుగులు. హోల్డాన్ అనగానే బండి ఆగిపోయింది. ఆయన చెంపలు తడిశాయి. నావి కూడా.

ఇంకొకటి. సీటు తీసి కార్పెట్ ఎత్తితే నేలలో నాలుగు రంధ్రాలు కనపడ్డాయి. రబ్బరు బిరడాలతో మూసి ఉన్నాయి. మెకానిక్ కొలిచి చూశాడు. కారు తయారైనప్పుడు సీటు అక్కడే ఉండేదట, ఇప్పుడున్న చోటికి మూడంగుళాలు వెనక. నాలుగు బోల్టులు విప్పి అక్కడ బిగిస్తే గంట పని అన్నాడు.

ఇది నీకు తెలుసా మామయ్యా?

నీ మేనకోడలు


మార్చి 20

బావా,

ఆరేళ్ళ తరవాత నీకు రాస్తున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను.

తెలుసు. ఆ బిరడాలు పెట్టింది నేనే. అక్కకి పెడల్స్ అందాలని ముందుకు కొత్త రంధ్రాలు వేసి, పాతవి మూశాను. అమ్మాయి అడిగిన మొదటి రోజే రెండు ముక్కల్లో చెప్పాల్సింది. అబద్ధం రాశాను. అక్క కూర్చున్న చోటు కదపకూడదనుకున్నాను. నీ మీద కచ్చ కూడా ఉంది, లేదనను. గంట పనికి నెలన్నర తిప్పాను. నీకు ఉన్నవే మూడు నెలలని నాకు తెలియదు. తెలియకపోవడం నా తప్పు తగ్గించదు.

సీటు నిన్న చేరింది. తోలు విప్పాను. నడుం దగ్గర నా గట్టి దిండు లేదు. చెక్కేసి ఉంది. దాని చోట ఏదో బస్సు సీటులోంచి కోసిన స్పాంజి, పైన గోనెలు కుట్టే దారంతో చేతి కుట్లు. తొడల కింద అంచు కూడా గీకి పలచన చేసి ఉంది. తోలు మళ్ళీ పైన కప్పి, నాకు తెలియకుండా ఎంత జాగ్రత్తగా మూశావు!

నా దిండు అక్క నడుముకి గుచ్చుకుందా? అంత నొప్పితో నడిపిందా? నాతో ఒక్క మాట అనలేదే. వచ్చినప్పుడల్లా పూలపాన్పు అంటూనే ఉంది. నేను ఆరేళ్ళుగా కాపలా కాసింది నా పనికి కాదు, నీ పనికి. నీ సీటు పీక్కుపో అని నువ్వెందుకు అన్నావో నిన్న అర్థమైంది.

వారంలో సీటు పూర్తి చేసి తెస్తున్నాను. పాత రంధ్రాల్లోనే బిగిస్తాను. నన్ను గడప లోపలికి రానిస్తావో లేదో నీ ఇష్టం.

నీ బావమరిది


ఏప్రిల్ 3

మామయ్యా,

నువ్వు వచ్చి, షెడ్డు దగ్గర నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా సీటు అక్కడ దించి వెళ్ళిపోయావు. వచ్చినవాళ్ళ మధ్య నేను నీ దగ్గరికి రాలేకపోయాను. ఇప్పటికీ నీ మీద కోపంగానే ఉంది. నీ మొదటి ఉత్తరంలో నిజం రాసి ఉంటే ఫిబ్రవరిలో నాన్న వీధులన్నీ తిరిగేవాడు. అప్పుడు కాళ్ళలో సత్తువ ఉండేది. నా మొదటి ఉత్తరంలో నేనూ నిజం రాసి ఉంటే నువ్వు మర్నాటికల్లా సూదీ దారం పట్టుకుని మా గుమ్మంలో ఉండేవాడివి. అందుకని నీ మీద అరవడానికి నోరు రావడం లేదు.

నీ ఉత్తరం ఇరవై నాలుగున వచ్చింది. పక్కన కూర్చుని చదివాను. మధ్యలో కళ్ళు మూసుకున్నాడు, నిద్రపోయాడేమోనని ఆపితే "చదువు" అన్నాడు. అంతా అయ్యాక మాట్లాడాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను, ఆ రోజే కాగితం మీద పెట్టుకున్నాను.

"సూదిగాడు కనిపెట్టేశాడన్నమాట. మీ అమ్మ నొప్పికి ఓర్చుకుందిగానీ చెప్పనివ్వలేదు. 'వాడు ఎనిమిది రోజులు కూర్చుని కుట్టాడండీ, బాలేదంటే నొచ్చుకుంటాడు' అంది. అందుకని డిపోలో పారేసిన సీటులోంచి స్పాంజి కోసి తెచ్చి నేనే కుట్టాను. ఆ రోజు వాడు ఆ సీటు మీద చెయ్యి వేసి 'నేను కుట్టింది' అనేసరికి నోరు జారింది. అనకుండా ఉండాల్సింది. వాణ్ణి రమ్మను. గడపేంటి, వాడి మొహం! వస్తే ఒక్కటి అడగాలి. నా కుట్లు ఎలా ఉన్నాయో చెప్పమను. పనివాడు కదా, మార్కులెయ్యాలి."

ఇరవై ఆరున పొద్దున్నే పోయాడు. ఆ రెండు రోజులూ, ఆ తరవాతా ఎన్నిసార్లు ఫోన్ చేసినా మెషిన్ల మోతలో నువ్వు ఎత్తలేదు. నువ్వు సీటుతో బయల్దేరింది ఇరవై ఏడున.

షెడ్డులో సీటు అలాగే ఉంది. ఇంకా బిగించలేదు.

నీ మేనకోడలు


ఏప్రిల్ 8

కోడలుపిల్లా,

మీ నాన్న అడిగినదానికి సమాధానం రాస్తున్నాను. నీకు కాదు, ఆయనకి. కానీ ఉత్తరం నీ పేరనే పంపాలి, ఇంకెవరి పేరన పంపను?

కుట్లు బాగాలేవు. దూరాలు సమానంగా లేవు. ఒకచోట అర అంగుళం, పక్కనే రెండంగుళాలు. దారం లావుది, సూది ఇంకా లావుది, స్పాంజిలో వేలు దూరేంత కన్నాలు. ప్రతి కుట్టుకీ రెండేసి ముళ్ళు వేశాడు, ఎక్కడ ఊడిపోతుందోనన్న భయం తెలుస్తూనే ఉంది. ఒకచోట వేలికి గుచ్చుకున్నట్టుంది, స్పాంజి మీద చిన్న మరక ఉంది. నా దగ్గర పనికి వస్తే మొదటి రోజు మధ్యాహ్నమే ఇంటికి పంపేసేవాణ్ణి.

కానీ ఇన్నేళ్ళలో ఒక్క కుట్టు కూడా వదల్లేదు. నేను మిషను మీద వేసిన వరసలో, ఆ పక్కనే, నాలుగుచోట్ల దారం తెగింది. అక్క నడుం ఆనిన చోట ఆ స్పాంజి ఆమెకి తగ్గట్టు కుంగి ఉంది. నా దిండు ఎప్పటికీ అలా కుంగేది కాదు. నేను సీటు కుట్టాను, ఆయన మనిషి నొప్పి చూసి కుట్టాడు. షెడ్డులో దించిన సీటులో ఆ కుట్లు నేను విప్పలేదు. చుట్టూ కుట్టుకుంటూ వచ్చాను.

నూటికి నూరు వేశాను.

ఈ మాట ఆయన ఎదురుగా నిలబడి చెప్పాలి. వంకర కుట్లు అని ముందు ఏడిపించి, ఆయన ఒప్పుకోక వాదించి, ఇద్దరం గట్టిగా అరుచుకుని, ఆఖర్న చెప్పాలి. మీ ఇంటికి నాలుగు గంటల ప్రయాణం. ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా రాలేకపోయాను అమ్మా.

మామయ్య